పెరగడమంటే ఊళ్లోకి మారడమేనా?

పల్లె నుంచి – 17



ఈ వారం హాస్టళ్ల మెస్ చార్జీల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం రాస్తాను. ఈ ఆదివారం లోపల తేలాల్సిన సంగతి ఒకటి వచ్చిపడింది. ఎప్పటిలాగే పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా మండలంలో ఒక ఊరి మాదిగపల్లెలో, ఎస్సీ కమ్యూనిటీ హాల్లో, ఏడేళ్లుగా ఒక పుస్తకాల గది నడుస్తోంది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు రేపు మళ్లీ ఆ ఊళ్లోనే కూలికి పోవాలి. (తెలంగాణ మిత్రుల కోసం ఒక మాట. మీరు వాడ అనేదాన్ని మా వైపు పల్లె అంటాం. ఊరు వేరు, పల్లె వేరు.) డిగ్రీలు చేసి ఉద్యోగం రాక ఊళ్లోనే ఉండిపోయిన నలుగురు కుర్రాళ్లు, ఒక ఆశా వర్కరు కలిసి దాన్ని మొదలుపెట్టారు. మొదట ఒక ఇనప బీరువా, దాన్నిండా కానిస్టేబుల్ పరీక్ష గైడ్లు. తర్వాత కథల పుస్తకాలు వచ్చాయి. తర్వాత సాయంత్రం పూట పిల్లల చదువు. ఆ తర్వాత నెలకొక ఆదివారం పాట, కవిత, డప్పు. పోయినేడు ఏప్రిల్ 14కి పల్లె ఆడవాళ్లే మాటలు కట్టుకుని ఒక నాటిక వేశారు. నేను నెలకోసారి వెళ్లి కూర్చుంటాను. నాకక్కడ పదవేమీ లేదు. పిల్లలు అక్కా అంటారు, పెద్దవాళ్లు అమ్మా అంటారు, నాకది చాలు.

ఇప్పుడు ఆ ఊరి నుంచి వెళ్లి విదేశంలో స్థిరపడిన ఒక కుటుంబం ముందుకొచ్చింది. బస్టాండు పక్కన వాళ్ల స్థలముంది. అక్కడ రెండంతస్తుల భవనం కడతారట. కింద గ్రంథాలయం, పైన సభలకు హాలు. వాళ్ల నాన్నగారి పేరు పెట్టి సాహిత్య కళా కేంద్రం అంటారట. పల్లెలో ఉన్న గదిని అందులో కలిపేయాలి. పుస్తకాలు, పిల్లలు, డప్పులు అన్నీ అక్కడికే. కమిటీలో పల్లె తరఫున ఇద్దరికి చోటిస్తారు. కబురు తెచ్చిన పెద్దమనిషి అన్న మాట: "ఇంకెన్నాళ్లు చిన్నగానే ఉంటారు? పెరగండి."

ఆ కుటుంబం మంచి మనసుతోనే ఇస్తోందని నేను నమ్ముతున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత కామెంట్లలో కొట్లాట ఉండదు. కానీ పల్లె రెండుగా చీలింది. "మన పిల్లలు ఏసీ గదిలో చదువుకుంటే నీకేంటి బాధ?" అని ఒక చిన్నాన్న నన్నే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది: డబ్బు తీసుకోవచ్చు. చోటు మారకూడదు. తాళం చెవి వదలకూడదు. ఎందుకో చెబుతాను.

పల్లెటూళ్లో సాహిత్యం కోసం ఒక చోటు పుట్టి, నిలబడి, పెరగడం మనకు కొత్తేమీ కాదు. అవి ఎలా పెరిగాయో చూస్తే మన సంగతి మనకు తేటపడుతుంది.

మా జిల్లాల వైపు మొదట చెప్పుకోవాల్సింది వేటపాలెం. చీరాల పక్కన నేతగాళ్ల ఊరు. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు, ఆయన తోటివాళ్లు అక్కడ సారస్వత నికేతనం పెట్టారు. దానికి నాలుగేళ్ల ముందు, 1914లో, బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయం అన్న గాలి వీస్తున్న కాలమది. 1935లో పాతూరి నాగభూషణం గారైతే పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలవల మీద ఊళ్లకు చేర్చారు. ఆ గాలిలో పుట్టినవి చాలా మూతపడ్డాయి, వేటపాలెం నిలబడింది. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ రాకలో విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. అయితే ఆ కర్ర కంటే విలువైనవి అక్కడున్న పాత పత్రికలు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో పత్రికలను సంచిక తర్వాత సంచిక బైండు చేయించి పెట్టారు. తెలుగులో పాత పత్రికల మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వేటపాలెం రైలెక్కాల్సిందే. ఒక చిన్న ఊరు యూనివర్సిటీలు చేయని పని చేసింది. ఆ రుణం నాలాంటి వాళ్లందరికీ ఉంది.

ఇంకో మాట కూడా అనాలి. అదే చీరాల ప్రాంతంలో కారంచేడు ఉంది. 1985 జూలైలో మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కడుగునీళ్లు కలుపుతుంటే మున్నంగి సువార్త అడ్డుపడింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అప్పటికి సారస్వత నికేతనానికి 67 ఏళ్లు. నేను గ్రంథాలయాన్ని తప్పు పట్టడం లేదు. గ్రంథాలయం పోలీసు స్టేషను కాదు. కానీ పుస్తకం ఊళ్లో ఎన్నేళ్లున్నా దానంతటది నడిచి చెరువు గట్టుకి రాదని మాత్రం ఆ 67 ఏళ్లు మనకు చెబుతున్నాయి. ఊళ్లో భవనం లేస్తే ఆ వెలుగు పల్లెకూ వస్తుందన్న మాట నేను నమ్మకపోవడానికి మొదటి కారణమిది.

బెజవాడలోనే ఇంకో సభ జరిగింది. గ్రంథాలయ సంఘం పుట్టిన మూడేళ్లకు, 1917లో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన. పంచమ మహాసభ అని పిలుపిచ్చిన ఆ సభ, మేం పంచములం కాదు ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకుని లేచింది. నేను తెలుగు ఎం.ఏ. చదివినప్పుడు 1914 సంగతి పాఠంలో ఉంది. 1917 సంగతి లేదు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి పత్రిక నడిపాడన్న సంగతి కూడా పాఠంలో లేదు. వేటపాలెంలాంటి చోట సంచికల్ని దాచిపెట్టినవాళ్లు ఉండబట్టే కొన్ని దొరికాయి. దాచేవాళ్లు లేక ఎన్ని పోయాయో. ఏది దాచాలి, ఏది చిత్తుకాగితం అన్నది బీరువా ఎవరిదో వాళ్లే నిర్ణయిస్తారు. ఇది రెండో కారణం.

ఇక మన భాష దాటి ఒక ఊరు చెబుతాను. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకా, హెగ్గోడు. వక్కతోటల మధ్య చిన్న పల్లెటూరు. 1949లో అక్కడి రైతులు కొందరు నాటకాలు వేసుకోవడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. ఊరి దేవుడి పేరు మీద నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘం. దాన్నే కుదించి నీనాసం అంటారు. మైసూరులో చదువుకున్న కె.వి. సుబ్బణ్ణ ఉద్యోగం వెతుక్కుంటూ నగరానికి పోకుండా ఊరికి తిరిగొచ్చి దాన్ని భుజానికెత్తుకున్నారు. 1957లో అక్షర ప్రకాశన పేరుతో పుస్తకాలు వేయడం మొదలైంది. డెబ్బైల్లో ఫిల్మ్ సొసైటీ పెట్టి ప్రపంచ సినిమాలను రైతులకూ కూలీలకూ చూపించారు. 1980లో నాటక శిక్షణ సంస్థ వచ్చింది. 1985లో 'తిరుగాట' అని నాటక బృందం బయల్దేరి కర్ణాటకంతా తిరగడం మొదలుపెట్టింది. (ఆ ఏడాదే మన కారంచేడు. ఒకే 1985, పక్కపక్క రాష్ట్రాలు.) 1991లో సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు వచ్చింది. 2005లో ఆయన పోయాక కూడా నీనాసం నడుస్తూనే ఉంది.

హెగ్గోడు నుంచి మనం తీసుకోవాల్సింది రెండు విషయాలు.

మొదటిది, అది కదల్లేదు. పేరొచ్చాక శివమొగ్గకో బెంగళూరుకో మారిపోవచ్చు, మారలేదు. చూడాలనుకున్నవాళ్లే బస్సెక్కి హెగ్గోడు వచ్చారు. ఒక పని పాదుకున్నాక ఇంకో పని మొదలుపెట్టారు. నాటకం నుంచి పుస్తకం, పుస్తకం నుంచి సినిమా, అక్కడి నుంచి బడి, బడి నుంచి ఊరూరి తిరుగుడు. ఇలా పెరగడానికి నలభై ఏళ్లు పట్టింది. ఎవరో వచ్చి ఒక్క రోజులో రెండంతస్తులు కట్టిచ్చి, ఇక పెరగండి అనలేదు. బయటి డబ్బు, ఫోర్డ్ ఫౌండేషన్ లాంటి వాళ్ల సాయం, వచ్చింది. కానీ అప్పటికే మూడు దశాబ్దాలు సొంత కాళ్ల మీద నిలబడ్డాక వచ్చింది.

రెండోది, కొంచెం చేదుగా ఉంటుంది. హెగ్గోడు కదలకుండా ఉండగలిగింది, ఎందుకంటే వాళ్లకు నిలబడ్డానికి నేల ఉంది. వక్కతోట ఉన్న రైతు నాటకం రిహార్సల్ కోసం ఒక పూట పని మానుకోగలడు. వేటపాలేన్ని నిలబెట్టినవాళ్లకు కూడా చేతిలో నాలుగు డబ్బులున్నాయి, నలుగురిలో మాట చెల్లుబడి ఉంది. మన పల్లెలో ఒక పూట మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. మిరపకోతలప్పుడు మన గదిలో ఎవరూ ఉండరు. నాటిక వేసిన ఆడవాళ్లు రిహార్సల్ చేసింది రాత్రి తొమ్మిది దాటాక, అంట్లు తోముకున్నాక. కాబట్టి హెగ్గోడు దారి బాగుంది కదా అని అచ్చంగా అదే దారిన నడవలేం. సుబ్బణ్ణ వాళ్లు సిద్ధి జనంతో, అంటే ఆఫ్రికా నుంచి వచ్చి కర్ణాటక అడవుల్లో స్థిరపడ్డవాళ్లతో, అచెబె నవల ఆధారంగా నాటకం వేయించారు. గొప్ప పని. కానీ అక్కడ కూడా పిలిచినవాళ్లు వేరు, పిలిపించుకున్నవాళ్లు వేరు. మన గదిలో పిలిచేదీ మనమే, వచ్చేదీ మనమే. ఇంత చిన్న గదికి ఉన్న పెద్ద ఆస్తి అదొక్కటే. మారితే ముందు పోయేది కూడా అదే.

ఇక్కడ కొందరు అంటారు: "పల్లెలో ఏముందమ్మా, మొన్న మీరు పెట్టిన బీరువానే కదా సాహిత్యం." ఇది విని విని విసుగొచ్చింది. పల్లెలో సాహిత్యానికి చోటు ఎప్పుడూ ఉంది. మా ఒంగోలు వైపు పల్లెల్లో మొదటి చదువుల గది చర్చి. 1878 జూలైలో క్లౌ దొర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన నేల ఇది. మతం సంగతి పక్కన పెట్టండి, ఎవరి నమ్మకం వాళ్లది. ఊరి బడిలో గడప ఎక్కనివ్వని రోజుల్లో మన ముత్తాతలకు అక్షరం చేతికిచ్చింది ఆ తాటాకు కప్పు. కీర్తనల పుస్తకం బట్టీపట్టి, వేలు పెట్టుకుని చదువుతూ చదువు నేర్చుకున్న ముసలమ్మలు నాకు తెలుసు. క్రిస్మస్ నాటకం, హార్మోనియం, రాత్రి పాఠశాల, అన్నీ అక్కడే. అంతకు ముందూ ఖాళీ లేదు. చిందు భాగవతం ఉంది. డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం ఉంది. చావుకి పాట ఉంది, నాటుకి పాట ఉంది, డప్పుకి ఒక్కో సందర్భానికి ఒక్కో దరువు ఉంది. వీటికి లేనిది భవనం, రిజిస్టరు, గ్రాంటు.

కారంచేడు తర్వాత చూడండి. దళిత మహాసభ వచ్చింది. పాటలొచ్చాయి, కవిత్వం వచ్చింది. 1995లో చిక్కనవుతున్న పాట, 1996లో పదునెక్కిన పాట అచ్చయ్యాయి. ఈ కవులకు ఏ సాహిత్య కళా కేంద్రం ఉంది? ఎస్సీ హాస్టలు ఉంది. ట్రంకుపెట్టె మీద కాగితం పెట్టుకుని రాశారు. ఊరేగింపుల్లో పాడారు. కలేకూరి ప్రసాద్ చివరి రోజులు గడిపింది ఒంగోలు అంబేద్కర్ భవన్లో. మనవాళ్లకు ఒక చోటంటూ ఉంటే అది ఎప్పుడూ మన హాస్టలో, మన భవనమో, మన చర్చో. నలుగురిలో మాట్లాడ్డానికి గొంతు అక్కడ వచ్చింది. అక్కడ వచ్చాకే రవీంద్రభారతి దాకా వెళ్లింది.

సరే, ఊళ్లోకి మారితే అసలేం పోతుంది? మాటల్లో కాకుండా కళ్లతో చూద్దాం.

పల్లె నుంచి బస్టాండుకి దూరం అర కిలోమీటరు కూడా లేదు. పటంలో అదేం దూరం కాదు. కానీ ఏడో తరగతి పిల్ల రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో వేసుకున్న నైటీ మీదే చున్నీ కప్పుకుని మన గదికి వస్తుంది, తమ్ముణ్ణి చంకనేసుకుని. బస్టాండుకి రాగలదా? వాళ్లమ్మ పంపుతుందా? రాత్రి తొమ్మిది తర్వాత రిహార్సల్ చేసిన ఆడవాళ్లు ఊరి నడిబొడ్డున మేడ మీద ఆ గంటకు కూర్చోగలరా? గ్రంథాలయం సాయంత్రం ఏడింటికి మూసేస్తారు. కూలికెళ్లిన మనిషి ఇల్లు చేరి స్నానం చేసేది ఏడింటికి. వేళలు ఎవరి బతుకును చూసి పెడతారో ఆ గది వాళ్లదవుతుంది.

ఇంకొకటి. మన నాటికలో ఊరి కామందు పాత్ర ఉంది. పేరు పెట్టలేదు, అయినా ఊళ్లో అందరికీ తెలుసు అదెవరో. ఆ నాటిక ఆ కామందు బంధువుల స్థలంలో, వాళ్ల నాన్నగారి పటం కింద వేయగలమా? ఎవరూ వద్దనరు. ఎవరో ఒకరు నవ్వుతూ, "ఈసారి దేశభక్తి నాటకం వేద్దాంలేమ్మా" అంటారు. అంతే. అలా నవ్వుతూ ఒక్క మాటంటే చాలు, గది మారిపోతుంది. డప్పు సంగతి చెప్పక్కర్లేదు. సభలో స్వాగతానికి డప్పు కావాలి. సభ మొదలయ్యాక డప్పు గేటు బయట ఉండాలి. ఇది నేను చాలా సభల్లో చూశాను, మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు గట్టి ప్రశ్న. మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, అంబేద్కర్ కుల నిర్మూలన అన్నారు. నువ్వు మన గది మనకే ఉండాలంటున్నావు. ఇది మళ్లీ వెలివాడ కాదా?" నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. దాటేయను.

బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగించారు. అందరి చెరువు మాది కూడా అని. అదే మనిషి అంతకు ఏడేళ్ల ముందే మూక్‌నాయక్ పేరుతో సొంత పత్రిక పెట్టారు. దాదర్‌లో రాజగృహ కట్టుకున్నప్పుడు అందులో పుస్తకాలకే పెద్దపీట వేశారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో సిద్ధార్థ కాలేజీ. ఆ కాలేజీ తలుపులు అందరికీ తెరిచే ఉంచారు, పగ్గాలు మాత్రం మనవాళ్ల చేతిలో పెట్టారు. అందరి చెరువులో నీళ్లు తాగే హక్కు కోసం కొట్లాడడం, సొంతంగా ఒక సంస్థ నిలబెట్టుకోవడం, ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే జీవితంలో చేశారు. ఒకటి చేస్తే రెండోది వద్దని ఆయన అనలేదు.

వెలివాడకీ సొంత గదికీ తేడా తలుపు దగ్గర తెలుస్తుంది. వెలివాడ ఎదుటివాడు మనల్ని పెట్టిన చోటు. మన గది మనం తెరిచిపెట్టిన చోటు. ఊళ్లోవాళ్లు రాకూడదని ఎవరన్నారు? రమ్మనే అంటున్నాం. నూటపదేళ్లుగా సాహిత్యం కోసం మనమే ఊళ్లోకి నడిచాం. కొన్నిచోట్ల గడప దగ్గరే ఆగాం. జాషువా తన కథానాయకుడి గోడు శివుడికి చెప్పడానికి గబ్బిలాన్ని పంపాల్సి వచ్చింది, మనిషికి గుళ్లోకి ప్రవేశం లేదు కనుక. ఇప్పుడు ఒకసారి ఊరిని పల్లెకి రమ్మందాం. ఊళ్లో పిల్లలు కూడా పుస్తకం కోసం పల్లె వీధిలో నడిచి వస్తే, చాప మీద పక్కపక్కన కూర్చుంటే, కుల నిర్మూలనకు అదేమన్నా అడ్డమా? ఎప్పుడూ ఒకవైపు నుంచే నడవాలా? ఆ కుటుంబానికి ఊరి మీద నిజంగా ప్రేమ ఉంటే, అర కిలోమీటరు ఇటు నడవమనండి.

"మరి పెరగడానికి డబ్బెక్కడిది?" ఇదీ న్యాయమైన ప్రశ్నే. దాతల దగ్గర చేయి చాచే ముందు మన డబ్బు మనకి ఎక్కడుందో చూసుకోవాలి.

ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను 600 రూపాయలైతే దాని మీద గ్రంథాలయ పన్ను 48 రూపాయలు. రేకుల ఇల్లయినా మేడయినా లెక్క అదే. పల్లె కూడా కడుతోంది. పంచాయతీ ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. జమ చేయకుండా ఏళ్ల తరబడి బకాయి పెట్టడం పాత కథ. మన పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని సమాచార హక్కు కింద అడగొచ్చు. ఎన్నేళ్లుగానో కడుతున్నాం కదా, మా పల్లెకి బుక్ డిపాజిట్ సెంటరో శాఖా గ్రంథాలయమో ఇవ్వండి అని అర్జీ పెట్టొచ్చు. ఇది ఎవరి దయా కాదు, పన్ను కట్టినవాళ్ల హక్కు.

రెండోది సబ్‌ప్లాన్. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టమైంది. జనాభా నిష్పత్తిలో ఎస్సీ ఎస్టీల కోసమే ఖర్చు పెట్టాలని. తెలంగాణలో దాని చోట 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. సిమెంటు రోడ్డుకి ఆ పేరు చెప్పుకుంటారు, కాలవకి చెప్పుకుంటారు. పల్లెలో కమ్యూనిటీ హాలుకి పై కప్పు, మరుగుదొడ్డి, పుస్తకాల అల్మారాలు ఎందుకు కాకూడదు? ఊరూరా అంబేద్కర్ భవనాలూ ఎస్సీ హాళ్లూ ఉన్నాయి. సగం వాటిలో వడ్లబస్తాలో, షామియానా సామాన్లో ఉంటాయి. ఎన్నికలప్పుడు తాళం తీస్తారు. అంటే మనకు గోడలు ఉన్నాయి. వాటిలో మనం లేం.

ఈ ఆదివారం పల్లెలో కూర్చుంటున్నారు. ఆ కుటుంబానికి ఏం జవాబు చెప్పాలో తేల్చుకోవడానికి. కాదు పొమ్మని తలుపు వేయమని నేను అనను. నా మాటగా ఈ ఐదు షరతులు ముందు పెడతాను. మీ ఊళ్లలో కూడా ఇలాంటి మాట వస్తే పనికొస్తాయని రాస్తున్నాను.

1. గది పల్లెలోనే ఉండాలి. కట్టాలనుకుంటే కమ్యూనిటీ హాలు మీద ఇంకో అంతస్తు కట్టండి. బస్టాండు దగ్గర ఇంకొకటి విడిగా పెడితే సంతోషం, మా పిల్లలు అక్కడికీ వస్తారు. కానీ అది దీనికి బదులు కాదు.

2. కమిటీలో సగానికి పైగా పల్లెవాళ్లు, వాళ్లలో సగం ఆడవాళ్లు. ఇద్దరు సభ్యులంటే ఫొటోకి పనికొస్తారు, ఓటుకి చాలరు.

3. ఏ పుస్తకం కొనాలి, ఏ నాటిక వేయాలి, ఎవరిని పిలవాలి అన్నది గది నడిపేవాళ్ల ఇష్టం. దాత అభిప్రాయం చెప్పొచ్చు, వద్దనే అధికారం ఉండదు.

4. దాత పేరు గోడ మీద రాయొచ్చు. గది పేరు మాత్రం పల్లె పెట్టుకుంటుంది.

5. తాళం చెవి పల్లెలో ఉంటుంది. తెరిచే వేళలు కూలి వేళల్ని బట్టి ఉంటాయి.

ఇందులో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. వేటపాలెం వాళ్లు తమ బీరువా తాళం ఇంకో ఊరికివ్వలేదు. హెగ్గోడు వాళ్లు తమ నాటకం ఏదో ఇంకొకరిని అడిగి వేయలేదు. వాళ్లకు అది షరతుగా రాసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు, నేల వాళ్లదే కనుక. మనకు నేల లేదు కాబట్టి కాగితం మీద రాసుకోవాలి. రాసుకుని, ముగ్గురు నలుగురి సంతకాలు పెట్టించుకుని, ఒక జిరాక్సు మన దగ్గర ఉంచుకోవాలి.

వాళ్లు ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే? భవనం రాదు. గది ఉంటుంది. బీరువా ఉంటుంది, చాపలుంటాయి, వచ్చే ఏప్రిల్ 14కి ఇంకో నాటిక ఉంటుంది. ఏడేళ్లలో గైడ్ల నుంచి నాటిక దాకా వచ్చింది ఆ గది. చిన్నగానే ఉండిపోయారని అనేవాళ్లు ఆ ఏడేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి వచ్చి కూర్చోలేదు.

చిన్నాన్న ఏసీ అడిగాడు. తప్పులేదు, మన పిల్లలకీ చల్లటి గాలి కావాలి. ఏసీ మన గదిలోనే పెట్టిద్దాం చిన్నాన్నా. దానికి సబ్‌ప్లాన్ అర్జీ నేను రాస్తాను, మొదటి సంతకం నువ్వు పెట్టు.

దగ్గర్లో ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం ఏడున్నరకి రండి. దూరంగా ఉన్నవాళ్లు మీ ఊరి పంచాయతీలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైందో, ఎంత జమైందో అడిగి, వచ్చిన జవాబు కింద కామెంట్లో పెట్టండి. పది ఊళ్ల లెక్కలు చేరితే అందరం కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్దాం.

వచ్చే వారం హాస్టల్ మెస్ చార్జీలు.

జై భీమ్.